దేవుని టైం ఎప్పుడొస్తుంది?

మా అమ్మ బైబిల్లో పేజీల కంటే వాగ్దానం కార్డులే ఎక్కువేమో అనిపిస్తుంది. చర్చిల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక ఒక్కొక్కరూ వెళ్ళి పళ్ళెంలోంచి ఒక చిన్న కార్డు తీసుకుంటారు. దాని మీదున్న వాక్యం ఆ ఏడాదికి మన వాగ్దానం అన్నమాట. ఈసారి నాకొచ్చిన కార్డులో ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండమని ఉంది. అప్పటికి నా ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. బెంగుళూరు గది ఖాళీ చేసి మద్దిలపాలెం ఇంటికొచ్చేసి ఐదు నెలలు. నిజం చెప్పాలంటే, కార్డు చూడగానే ఒళ్ళు మండింది.

"దేవుని టైం రావాలి నాన్నా" అంటుంది అమ్మ. చర్చిలో అంకుల్స్‌దీ అదే మాట, ఆంటీలదీ అదే మాట. ఆ మాటతో వచ్చిన చిక్కేంటంటే దానికి ఎదురు చెప్పలేం. ఎంత ఆలస్యమైనా సరిపోతుంది. చివరికి ఎప్పుడు ఏది జరిగినా "చూశావా" అనొచ్చు. ఎప్పటికీ ఫెయిలవని టెస్ట్ కేసు లాంటిది. అలాంటి టెస్ట్ కేసుని మనవాళ్ళెవరూ నమ్మరు కదా.

ఈ సందర్భంలో మన పాస్టర్లు తరచుగా చెప్పే కథ ఒకటుంది, ఒంగోలు కథ. అందరూ దాన్ని చివర్నుంచే చెప్తారు: 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఎలాగూ ఖాళీగా ఉన్నాను కదా అని ఈసారి మొదట్నుంచి చదివాను. తీరా చూస్తే ఆ మొదలు మా ఊళ్ళోనే ఉంది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. మొదటి తెలుగు విశ్వాసి కోసం ఇక్కడి మిషను దాదాపు 30 ఏళ్ళు ఆగాల్సొచ్చింది. ఈ ఇద్దరి కథ నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. "చూశావా" అనడానికి అందులో ఏమీ లేదు మరి.

1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కూడా విశాఖకే వచ్చి, ఇక్కడి లండన్ మిషను వాళ్ళ దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. తర్వాత శ్రీకాకుళం, అక్కణ్ణుంచి మద్రాసు, చివరికి 1840లో నెల్లూరు. మా మద్దిలపాలెం జంక్షన్ మీదుగా పోయే హైవే పట్టుకుని దక్షిణానికి వెళ్తే ఒంగోలు, నెల్లూరు రెండూ వరసగా వస్తాయి. ఇప్పుడైతే ఒక రాత్రి బస్సు. ఆయనకి నాలుగేళ్ళు పట్టింది :)

నెల్లూరులో పనైతే జరిగింది గానీ చేరినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రతి రివ్యూలోనూ "మూసేద్దామా" అని చర్చకొచ్చే ప్రాజెక్టులు మనకి కొత్త కాదు. ఇదీ అలాంటిదే. డే జబ్బుపడి 1846లో అమెరికా వెళ్తే, 1848లో మూసేసే ప్రస్తావన వచ్చింది. ఆయన ఒప్పుకోక లైమన్ జ్యూయెట్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. 1853లో ఆల్బనీలో జరిగిన సమావేశంలో మళ్ళీ అదే చర్చ. మూసేస్తున్నామని నెల్లూరుకి ఉత్తరం ఎవరు రాస్తారని ఒకాయన అడిగాడట. పటంలో బర్మా నిండా నక్షత్రాల్లా మిషను కేంద్రాలు, తెలుగు దేశంలో మాత్రం ఒంటరిగా ఒకే ఒక్కటి. దాన్ని "లోన్ స్టార్" అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రే ఒక కవిత రాసి పట్టుకొచ్చాడు, మిషను బతికింది. బడ్జెట్ మీటింగులో కవిత పనిచెయ్యడం నేనైతే ఇంకెక్కడా వినలేదు.

1862లో మూడోసారి. అప్పుడు జ్యూయెట్ కూడా అనారోగ్యంతో అమెరికాలోనే ఉన్నాడు. మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళ్ళి అక్కడే చచ్చిపోతానన్నాడు. అలా అయితే నిన్ను పాతిపెట్టడానికైనా తోడు ఒకణ్ణి పంపాలిగా అన్నాడట కార్యదర్శి. ఆ తోడుగా 1865లో వచ్చినవాడే జాన్ క్లౌ. అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు, అంటే కొంచెం మన వర్గమే.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగిపోయిన చోటు వేరే ఉంది. 1854 జనవరి 1, తెల్లవారుజాము, ఒంగోలు పక్కన కొండ. ఐదుగురు ఎక్కారు: జ్యూయెట్, ఆయన భార్య, ఇంకా తెలుగువాళ్ళు ముగ్గురు - నరసు, జూలియా, రూతు. ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. కింద ఒక స్థలం చూపించి, మిషను బంగళాకి అది బావుంటుందా అని జ్యూయెట్ జూలియాని అడిగాడట. తర్వాత మిషను అక్కడే వెలిసింది, నిజమే. కానీ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. మధ్యలో 12 ఏళ్ళు. కథ చెప్పేటప్పుడు "పన్నెండేళ్ళ తర్వాత" అని ఒక్క ముక్కలో దాటేస్తాం. ఆ కొండ దిగినవాళ్ళకి అది పన్నెండని తెలీదు. 1855లో మళ్ళీ జనవరి 1 వచ్చింది, 56లో వచ్చింది. ఏదీ జరగలేదు. నా ఎనిమిది నెలలూ అంతే, ఎనిమిదిలో ఎనిమిదా, ఎనభైలో ఎనిమిదా అనేది తెలిస్తే అది వేరే విషయం.

ఇంకో సంగతి. వాళ్ళు ఎదురుచూసింది ఒకళ్ళ కోసం, వచ్చింది ఇంకొకళ్ళు. ఎర్రగుంట్ల పేరయ్యది తాళ్ళకొండపాడు, మాదిగ కులం. క్రీస్తు గురించి వినకముందే రాజయోగ మార్గంలో నలుగురికి గురువుగా ఉన్నవాడు. అంటే మిషను నెల్లూరులో కూర్చుని ఎదురుచూస్తున్న అదే కాలంలో ఈయన కూడా తన దారిలో దేన్నో వెతుక్కుంటూనే ఉన్నాడు. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలీదు. 1866లో పేరయ్య దంపతులకి బాప్తిస్మమైంది. ఆయన వెనకే మాదిగపల్లెలు కదిలాయి. వాళ్ళని చేర్చుకుంటే మేం ఉండమని ఒంగోలు బడిలోని పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. ఆ పెద్దకులాల కోసమే క్లౌ దంపతులు ఆశపడ్డారు మరి. ఏం చెయ్యాలో తోచక ఇద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందని క్లౌ రాసుకున్నాడు. యాదృచ్ఛికం అనండి, ఇంకేమన్నా అనండి. మాదిగలనే ఉంచుకున్నారు.

ఇక 1876-78 కరువు. మనవాళ్ళు ధాత కరువు అంటారే, అదే. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అజమాయిషీకి మిషను బోధకులే. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. ఇవ్వనన్నాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, సాయం నడిచిన పదిహేను నెలలూ ఒక్కరికీ ఇవ్వలేదు! ముప్పై ఏళ్ళు మనుషుల కోసం వేచి ఉన్న మిషను, తీరా వాళ్ళొస్తే గుమ్మం బయట నిలబెట్టింది. ఈ కథలోని ఎదురుచూపులన్నిటిలో నాకు కారణం అర్థమైంది ఇదొక్కటే. (కరువు సాయానికీ ఆ తర్వాత జరిగినదానికీ సంబంధమే లేదని నేననలేను. కష్టంలో నిలబడినవాణ్ణి జనం నమ్మడం సహజం.)

1878 జూన్‌లో సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి నా దగ్గరేం లేదని చెప్పినా వాళ్ళు కదల్లేదు. ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222, 4న 700. ఏటిలో దిగి బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. మన హైవే ఇప్పటికీ ఆ ఏటిని అక్కడే దాటుతుంది. రాత్రి బస్సులో నిద్రపోతూ ఎన్నిసార్లు దాటుంటానో.

జ్యూయెట్ దీన్ని చూడటానికి బతికే ఉన్నాడు. విశాఖలో తెలుగు మొదలుపెట్టిన డే మాత్రం 1853లోనే ఆరోగ్యం పాడై అమెరికా తిరిగెళ్ళి, 1871లో పోయాడు. ఒంగోలులో పని ఊపందుకున్న కబురు విని ఉంటాడు, ఈ జూలై మాత్రం చూడలేదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. పదిహేను నెలల దగ్గర ఆపి, "పాపం, ఆకలితో ఉన్నోళ్ళని అన్నాళ్ళు ఆపడమేంటిరా" అంది. దేవుని టైం మాట ఆ పూటకి రాలేదు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మద్దిలపాలెం స్టాపులో ఒక అంకుల్ కలిశారు. "ఇంకా ఏం రాలేదా బాబూ? దేవుని టైం..." అన్నారు. సరే, చెబుదామని "అంకుల్, శామ్యూల్ డే అని ఒకాయన..." అని మొదలుపెట్టాను. ఈలోగా ఆయన బస్సొచ్చేసింది.