ఫెంగ్ షుయి: గాలి, నీరు, సమాధి

'ఫెంగ్' అంటే గాలి, 'షుయి' అంటే నీరు. రెండూ రైతు మాటలే. అయితే ఈ జంట పదానికి వివరణ ఇచ్చిన చైనా గ్రంథం సేద్యానికి సంబంధించినది కాదు, సమాధులకు సంబంధించినది. గువో పు (క్రీ.శ. 276–324) పేరు మీద చలామణీ అయిన ఆ 'సమాధుల గ్రంథం' ప్రకారం భూమిలో 'చి' అనే ప్రాణశక్తి ప్రవహిస్తుంది. గాలి దాన్ని చెదరగొడుతుంది, నీరు నిలుపుతుంది. అది నిలిచినచోట పితరుల అస్థికలు పాతిపెడితే సంతతికి మేలు.

ఈ భావన ఆకాశం నుంచి వూడిపడలేదు. ఉత్తర చైనాలో చలికాలపు ఈదురుగాలి ఉత్తరం నుంచి వీస్తుంది. వెనుక కొండ, ముందు నీరు, దక్షిణపు ఎండ వున్న వాలులో ఇల్లు కట్టుకోవడం తరతరాల శ్రమ నేర్పిన తెలివి. ఆ తెలివి సమాధి దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. ఎముకలకు చలి లేదు, ఎండ అక్కర్లేదు.

అక్కర వున్నది భూమి కలవాళ్లకు. మంచి సమాధి స్థలం దొరకాలంటే కొండవాలు కొనాలి, స్థలం చూసేవాడికి సొమ్ము చెల్లించాలి. చింగ్ వంశపు పాలనలో సమాధి స్థలాల తగాదాలు తరచుగా న్యాయస్థానాలకెక్కాయి. భూస్వామి తన సంపదకు కారణం కౌలు కాదు, తాత సమాధి అని చెప్పుకోగలిగాడు. కౌలుదారు దరిద్రానికి అతని తాత ఎముకలే జవాబుదారీ అయ్యాయి.

దీన్ని ప్రశ్నించడం బయటివాళ్లు నేర్పిన విద్య కాదు. ఇంటిపేరు ధ్వనిని బట్టి వాకిలి దిక్కును నిర్ణయించే పద్ధతిని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే వాంగ్ చోంగ్ తన 'లున్ హెంగ్'లో తర్కంతో ఖండించాడు.

19వ శతాబ్దంలో ఈ కథ మరో మలుపు తిరిగింది. విదేశీ కంపెనీలు రైలుపట్టాలు, తంతి స్తంభాలు వేయబోతే ఫెంగ్ షుయి చెడుతుందని జనం అడ్డుతగిలారు. షాంఘై–వూసుంగ్ రైలు 1876లో ప్రభుత్వ అనుమతి లేకుండానే నడిచింది. 1877లో చింగ్ ప్రభుత్వం దాన్ని కొని పట్టాలు పీకించింది. విదేశీయులు ఈ అభ్యంతరాల్లో మౌఢ్యాన్నే చూశారు. కాని పితరుల మట్టిలో అడగకుండా అడుగుపెట్టినవాణ్ణి కాదనడానికి రైతుకు అప్పటికి అందిన భాష అదే.

తర్వాత మరో భాష అందింది. భూస్వాములను కూల్చింది సమాధుల మహిమ తగ్గడం కాదనీ, రైతు సంఘాలేననీ 1927లో హునాన్ రైతాంగ నివేదికలో మావో ఎగతాళిగా ఎత్తిచూపాడు.

మూఢనమ్మకం గురించి రాయబోయే రచయిత దాన్ని వెక్కిరించి వూరుకుంటే చాలదు. దాని అడుగున ఏ శ్రమానుభవం వుందో, దాన్ని ఎవరు సొంతం చేసుకున్నారో, నోరులేనివాడు దానితో ఏం చెప్పబోయాడో, ఈ మూడూ విడదీసి చూపాలి.