ఊడడం
ఉద్యోగ అభద్రతను కొలిచే ప్రశ్నావళిని తెలుగులోకి తేబోతే మొదటి తడబాటు ‘అభద్రత’ దగ్గరే. సంస్కృతంలో ‘భద్ర’ అంటే శుభం, మేలు. మనకది జాగ్రత్త: ‘భద్రంగా వెళ్లిరా నాయనా’ అంటాం. దానికి ‘అ’ తగిలిస్తే పత్రికల మాట అవుతుంది గానీ కార్మికుడి మాట కాదు. ఆయన అనేది ‘ఉద్యోగం ఊడుతుందేమో’నని. ఊడేది పన్ను, మేకు, గొడ్డలి పిడి. ముందు వదులై కదులుతుంది, ఆ తర్వాతే ఊడుతుంది. ప్రశ్నావళి పట్టుకోవాల్సింది ఆ కదలికనే.

కెరీర్ సంగతి వేరు. లాటిన్‌లో బండి పేరు నుంచి పుట్టి, ఫ్రెంచిలో పరుగుపందెపు బాటగా మారి వచ్చిన మాట అది. ఉద్యోగం నిలిచినా బాట మూసుకుపోవచ్చు. అందుకే నేనైతే విడివిడిగా అడుగుతాను: ‘ఈ పని ఊడుతుందని భయమా?’, ‘ఎదుగూ బొదుగూ లేకుండా ఇక్కడే ఉండిపోతానని దిగులా?’