చెప్పులేసుకోండమ్మా!

మొన్న ముసురు పట్టిన రోజు పొద్దున్నే, మా మేడమీద వాటాలో అద్దెకున్న అమ్మాయి కిందికి దిగివచ్చి, "ఆంటీ, గీజరు వేసి పంపు తిప్పితే చెయ్యి చురుక్కుమంటోందండీ" అంది. నేను తాలింపు హడావిడిలో ఉన్నాను. వెనక్కి తిరగకుండానే, "చెప్పులేసుకుని తిప్పమ్మా, ఏం కాదు" అనేశాను. ఆ పిల్ల సరేనని ఆఫీసుకి వెళ్ళిపోయింది. మూకుడు దించాక గానీ, నా నోట వచ్చిన మాట నా చెవికి వినబడలేదు.

ఎందుకంటే ఆ మాట నాది కాదు. నా చిన్నప్పుడు కాకినాడలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారిది. రుబ్బురోలు చాకిరీ తప్పుతుందని వాయిదాల మీద కొనుక్కున్న గ్రైండరు ముట్టుకుంటే చాలు, అమ్మకి షాకు కొట్టేది. నాన్న వెళ్ళి చెబితే ఆయన వీధరుగు మీద పేపరు దించకుండా, "చెప్పులేసుకుని రుబ్బుకోమనండి మాస్టారూ" అన్నారు. వంటింట్లోకి చెప్పులేమిటని అమ్మ పీట మీద నిలబడి రుబ్బేది. ఓ రోజు ఆ పీట తడిసింది. అమ్మ వెళ్ళి గోడకి కొట్టుకుని పడింది. కుడిచేతి రెండు వేళ్ళు కమిలిపోయాయి. ప్రాణం దక్కింది గానీ, ఇవాళ్టికీ స్విచ్చి వెయ్యాలంటే చెయ్యి మూడుసార్లు కొంగుకి తుడుచుకుంటుంది. తరవాత వచ్చిన కరెంటు మేస్త్రీ చెప్పాడు: పెరట్లో సిమెంటు చేయించినప్పుడు ఎర్తు తీగ తెగిందట. మేం ఆ ఇంట్లో చేరకముందే. చూసినవాడు లేడు, చూడాలనుకున్నవాడూ లేడు.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఏది మనసుకి గుచ్చుకున్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకో జబ్బు. కరెంటు ఇళ్ళలోకి వచ్చిన కొత్తల్లో జనం ఏం చేశారా అని చూస్తే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

న్యూయార్కులో వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు 1880ల తొలినాళ్ళలో తన భవంతికి ఎడిసన్ చేత దీపాలు పెట్టించుకున్నాడు. గోడలకి జరీ తీగల బట్ట అంటించి ఉంది. ఆ జరీ కరెంటు తీగలకి తగిలి రాజుకుంది. శ్రీమతి వాండర్‌బిల్ట్ హడలిపోయి, ఇదెక్కణ్ణించి వస్తోందని అడిగింది. కింద నేలమాళిగలో యంత్రమూ బాయిలరూ ఉన్నాయన్నారు. బాయిలరు మీద కాపురం నా వల్ల కాదని ఆవిడ తేల్చి చెప్పేసింది. తీగల దగ్గర్నుంచి అంతా పీకించారు. ఈ కథ చెప్పింది ఎడిసనే. తమాషా ఏమిటంటే, 1883లో ఓ పెద్ద విందుకి ఆ ఇంటి కోడలే విద్యుద్దీపం వేషం కట్టుకుని వెళ్ళింది! అత్త వద్దన్నది కోడలికి ముద్దు అన్నమాట.

ఇంగ్లండులో లార్డ్ సాలిస్‌బరీ గారిది మరో వరస. హాట్‌ఫీల్డ్‌లోని వారి భవనంలో కప్పు కింద తీగలు ఉన్నట్టుండి మండేవి. ఇంట్లోవాళ్ళు కబుర్లు ఆపకుండానే దిండ్లు విసిరి ఆర్పేసి, మళ్ళీ కబుర్లలో పడేవారట. కాని ఆ ఆవరణలోనే 1881లో ఓ పనివాడు తీగ తగిలి చచ్చిపోయాడు. మరుసటేడు, 1882లో, లండన్‌లోని ఇంజనీర్ల సంఘంవారు విద్యుద్దీపాల వల్ల అగ్నిప్రమాదాలు రాకుండా తొలి నిబంధనలు రాశారు.

ఇక్కడ నాకో మాట తోస్తుంది. శ్రీమతి వాండర్‌బిల్ట్ వద్దంటే పీకించారు. మా అమ్మ వద్దంటే? అద్దె ఇంట్లో ఉండే ఆడదానికి గోడ నాది కాదు, తీగ నాది కాదు. తడిచెయ్యి మాత్రమే నాది.

ఆ తడిచెయ్యి గురించి ఆలోచించిన ఆవిడ ఒకరున్నారు. కరోలిన్ హాస్లెట్. 1924లో ఇంగ్లండులో ఆడవాళ్ళ విద్యుత్ సంఘం మొదలైనప్పుడు దాన్ని నడిపింది ఆవిడే. యుద్ధం తరవాత ఇళ్ళకి ఎలాంటి వైరింగు ఉండాలో చెప్పడానికి వేసిన ఇరవైమంది కమిటీలో ఆడమనిషి ఆవిడొక్కతే. 1944లో వచ్చిన ఆ నివేదిక, చిన్నపిల్లలు వేళ్ళు పెట్టినా తగలకుండా ప్లగ్గు కన్నాలకి లోపల తలుపులుండాలంది. 1947 నుంచి వాళ్ళ ప్లగ్గు అలాగే ఉంది. మన మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుపాటి పిన్ను ఒకటి ఉంటుంది చూశారూ, అది ఎర్తుది. మిగతా రెంటికంటే పొడుగు. ముందు తగిలి, ఆఖర్న ఊడుతుంది. మనమేమో ఆ కన్నంలో అగ్గిపుల్ల దోపి, రెండు పిన్నుల ప్లగ్గుని ఇరికించేస్తాం. నేనూ చేశాను, ఒట్టు.

ఇంకొకాయన అమెరికాలో ప్రొఫెసరు, చార్లెస్ డాల్జీల్. తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు దాకా చెయ్యి విడిపించుకోగలడో మనుషుల మీదే పరీక్షించి చూశాడు. సగటున మగవాళ్ళకి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకి పదిన్నర. పాతకాలం జీరో బల్బు తాగే కరెంటులో అయిదో ఆరో వంతు! మనింట్లో అయిదు ఆంపియర్ల ఫ్యూజుకి ఇదొక లెక్కా? ఫ్యూజు కాపాడేది తీగని, మనిషిని కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనిషి కోసం ఆయన 1961లో వేరే పరికరం కనిపెట్టాడు. కరెంటు దారి తప్పితే క్షణంలో సగం కూడా పట్టకుండా కట్టేస్తుంది. ఇప్పుడు మన షాపుల్లోనూ ఆ జాతివి దొరుకుతున్నాయి.

మా చెల్లెలు లెస్టరులో అద్దెకుంటుంది. అక్కడ 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇంటాయన అయిదేళ్ళకి మించకుండా తెలిసినవాడి చేత వైరింగంతా పరీక్ష చేయించి, ఆ కాగితం అద్దెకున్నవాళ్ళ చేతికివ్వాలి. అది గొప్పగా ఫోటో తీసి పంపితే, మనకెప్పుడొస్తుందో ఇంత నాగరికత అని నేను నిట్టూర్చాను. తీరా చూద్దును కదా, మన 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే ఉంది ఆ అయిదేళ్ళ మాట! 2010లో వాటి చోట కొత్తవి వచ్చినప్పుడూ ఆ అయిదేళ్ళూ అలాగే ఉంచారు. మా అమ్మ పీట మీద నిలబడ్డ రోజున కూడా ఆ రూలు పుస్తకంలో భద్రంగా ఉందన్నమాట. నా ఎరికలో మా ఇంటికి అలా చూడ్డానికి వచ్చినవారు ఎవరూ లేరు. రమ్మని మేం పిలిచిందీ లేదు.

ఆ పూటే మేడమీది మెయిన్ కట్టేశాను. వాళ్ళ ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయని మావారు గొణిగారు. సాయంత్రం ఆ అమ్మాయి రాగానే గీజరు జోలికి వెళ్ళొద్దని చెప్పి, కాగిన నీళ్ళు కిందినుంచి పంపించాను. మర్నాడు లైసెన్సున్న మేస్త్రీ వచ్చాడు. మెగ్గరు అనే పెట్టెకున్న చేతిపిడి గిరగిరా తిప్పుతూ ఒక్కో గదీ చూసుకుంటూ వెళ్ళాడు. గీజరు లోపల కడ్డీ పాడై కరెంటు కారుతోందట. కారినది ఎర్తులోకి పోవాలి కదా అన్నాను, నా కొత్త జ్ఞానం ప్రదర్శిస్తూ. ప్లగ్గు బోర్డు విప్పి చూపించాడు. ఆకుపచ్చ తీగ దేనికీ బిగించకుండా ఊరికే వేలాడుతోంది. "ఇక్కడ టైల్సు ఎప్పుడు మార్చారమ్మా?" అన్నాడు.

రెండేళ్ళయింది. దగ్గరుండి మార్పించింది నేనే. రంగు కూడా నేనే ఎంచాను.

కడ్డీ మార్చి, తీగ బిగించి, మెయిను పక్కన కొత్త పరికరం పెట్టి, ఎర్తు గోతిలో ఎండాకాలం నీళ్ళు పొయ్యమని చెప్పి మేస్త్రీ వెళ్ళాడు. బిల్లు చూసి మావారు కళ్ళజోడు సవరించుకున్నారు. నేను పైకి వెళ్ళి, అంతా బాగైంది, ఇంక భయం లేదని ఆ అమ్మాయికి చెప్పాను. స్నానాలగది గుమ్మం పక్కన కొత్త రబ్బరు చెప్పుల జత ఉంది. ధర చీటీ ఇంకా ఊడదియ్యలేదు. మొన్న ఆఫీసునుంచి వస్తూ కొనుక్కుందట.