కాపీకి ఇరవై రూపాయల నుంచి ఐబొమ్మ దాకా: తెలుగునాట పైరసీ శిక్షల చరిత్ర

2013 సెప్టెంబరు 22న ‘అత్తారింటికి దారేది’ సినిమాలో దాదాపు గంటన్నర భాగం విడుదలకు ముందే బయటికి వచ్చేసింది. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల పెద్ద సినిమాల విడుదలలు వాయిదా పడుతున్న రోజులవి. కృష్ణా జిల్లా పెడనలో ఆ సినిమా డిస్కులు అమ్ముతున్నారని తెలిసి పోలీసులు కదిలారు. తీగ లాగితే డొంక హైదరాబాదులో కదిలింది. నిర్మాణ విభాగంలో పనిచేసే ఒక సహాయకుడి నుంచి ఒక కానిస్టేబులుకు, అక్కణ్ణుంచి స్నేహితుల చేతుల మీదుగా పెడన వీడియో షాపుకు ఆ ప్రతి చేరిందని పోలీసులు చెప్పారు. నిర్మాత బి.వి.ఎస్.ఎన్. ప్రసాద్ ఇక ఆగలేక సెప్టెంబరు 27న సినిమాను విడుదల చేశారు. అది ఆ ఏటి అతిపెద్ద విజయాల్లో ఒకటి కావడం వేరే సంగతి.

ఇందులో ఎవరికి ఎంత శిక్ష పడాలి? నమ్మకద్రోహం చేసి ప్రతిని బయటికిచ్చినవాడికా, డిస్కు అమ్మినవాడికా, ఇంటర్నెట్‌లో పెట్టినవాడికా, ఫోన్లో చూసినవాడికా? మన చట్టం ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పైగా జవాబు వెతుకుతూనే ఉంది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ శిక్ష పెంచుతూ వచ్చింది. ఆ శిక్ష ఎవరి మీద పడాలన్నది మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

మన దేశంలో కాపీరైటు ఉల్లంఘనను నేరంగా చూసిన పాత చట్టం 1914 నాటిది. 1911లో బ్రిటన్ చేసుకున్న చట్టాన్ని కొద్ది మార్పులతో ఇక్కడికి తెచ్చారు. దొంగతనంగా అచ్చువేసిన పుస్తకం అమ్మితే కాపీకి ఇరవై రూపాయల దాకా జరిమానా. ఒక లావాదేవీకి మొత్తం మీద ఐదు వందలు మించకూడదు. మళ్ళీ అదే పని చేసి దొరికితేనే జైలు, అదీ ఒక నెల సాధారణ శిక్ష. అప్పటికి దొంగ ప్రతి అంటే అచ్చు యంత్రం, కాగితం, సిరా, బైండింగు. పెట్టుబడి పెట్టగలిగిన వ్యాపారి మాత్రమే ఆ నేరం చేయగలడు. కాబట్టి చట్టం అతని గల్లాపెట్టెనే గురిపెట్టింది.

స్వతంత్ర భారతం తన సొంత కాపీరైట్ చట్టాన్ని 1957లో చేసుకుంది, 1958 జనవరి 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. 63వ సెక్షన్ అప్పుడే పుట్టింది. తెలిసి ఉల్లంఘించినవారికి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ రోజు సినిమాను ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యక్తి మీద కేసు కట్టేదీ ఈ సెక్షన్ కిందే.

తర్వాత పాతికేళ్ళు పెద్ద కదలిక లేదు. 1980లలో వీసీఆర్ వచ్చాక ఊళ్ళ లెక్క మారిపోయింది. గుంటూరుకూ నెల్లూరుకూ నడుమ రైలు మార్గంలో ఉన్న సింగరాయకొండ, టంగుటూరు లాంటి ఊళ్ళలో, పక్కన కందుకూరులో, పత్తి, మిరప పండే పల్నాటి పల్లెల్లో, శ్రీరామనవమి పందిట్లోనో పెళ్ళివారింటి ముందో రాత్రంతా ‘వీడియో వేయించడం’ ఒక సంబరమైంది. టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెస్తే తెల్లారేదాకా సినిమాలే. ఆ క్యాసెట్లలో ఏది అసలో ఏది నకలో అడిగినవాళ్ళు లేరు. పండగపూట ఊరంతా కలిసి చూస్తున్న బొమ్మలో నేరం ఉందని ఎవరికీ అనిపించలేదు.

పార్లమెంటుకు అనిపించింది. 1984 సవరణలో ఏడాది జైలు మూడేళ్ళయింది. అంతకన్నా ముఖ్యం, ఆరు నెలలకు తగ్గకూడదన్న కనీస శిక్ష వచ్చింది. జరిమానా 50 వేల నుంచి 2 లక్షల రూపాయలు. రెండోసారి దొరికితే కనీసం ఏడాది జైలు, కనీసం లక్ష జరిమానా. సబ్‌ఇన్‌స్పెక్టరు వారంటు లేకుండానే దొంగ ప్రతులు స్వాధీనం చేసుకోవచ్చు. వీడియో క్యాసెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా, సెన్సారు సర్టిఫికెట్టు ప్రతి ఉండాలన్న నిబంధన కూడా అప్పటిదే. ఆ రోజుల్లో 50 వేల కనీస జరిమానా అంటే చిన్న వీడియో షాపుకు మోయలేని భారం.

1994 సవరణ కంప్యూటరు వాడేవాడి మీదా గురిపెట్టింది. దొంగ సాఫ్ట్‌వేరని తెలిసి వాడినా నేరమే, ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు. వాడినవాణ్ణి కూడా శిక్షించే నిబంధన సాఫ్ట్‌వేరుకే పరిమితమైంది. సినిమా చూసినవాడికీ పాట విన్నవాడికీ అలాంటిది రాలేదు. అదే సవరణ, 1984 నుంచే ఉన్న ఒక వెసులుబాటుకు హద్దు గీసింది. వ్యాపార లాభం కోసం చేయని తప్పు అయితేనే, కారణాలు రాసి, కోర్టు కనీస శిక్షను తగ్గించవచ్చు.

సరిగ్గా ఆ సమయంలోనే అమెరికాలో ఈ లాభం అన్న మాట మీదే పెద్ద చర్చ నడిచింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థి ఒకడు సాఫ్ట్‌వేర్లను అందరికీ ఉచితంగా దొరికేలా కంప్యూటర్లలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు కనుక అప్పటి చట్టం కింద నేరం కాదని 1994 డిసెంబరులో కోర్టు కేసు కొట్టేసింది. 1997లో అమెరికా కాంగ్రెసు కొత్త చట్టం చేసి ఆ సందు మూసింది. లాభం లేకపోయినా, ప్రతుల విలువ ఒక హద్దు దాటితే నేరమే. బ్రిటన్ ఆన్‌లైన్ ఉల్లంఘనకు గరిష్ఠ శిక్షను 2017లో పదేళ్ళకు పెంచి, దొంగ డిస్కుల వ్యాపారంతో సమానం చేసింది.

ఇక్కడ మాత్రం తగువు ‘మూడేళ్ళ దాకా’ అన్న మాట దగ్గర చిక్కుకుంది. అప్పటి నేర విచారణ స్మృతి పట్టిక ప్రకారం మూడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరమైతే పోలీసులు కోర్టు అనుమతి లేకుండా కేసు కట్టవచ్చు, బెయిలు హక్కుగా రాదు. మూడేళ్ళలోపు శిక్ష పడేదైతే రెండూ తలకిందులు. మరి ‘మూడేళ్ళ దాకా’ అన్నది ఏ గడిలోకి వస్తుంది? 2007 నాటి క్రిమినల్ లా జర్నల్‌లో అచ్చయిన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇది బెయిలు ఇవ్వదగిన నేరమేనంది. గౌహతి, కేరళ హైకోర్టులు కాదన్నాయి. ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే సెక్షన్. హైదరాబాదులో దొరికినవాడికి బెయిలు హక్కు, కొచ్చిలో దొరికినవాడికి కాదు. ఈ గందరగోళానికి సుప్రీంకోర్టు 2022 మే 20న తెర దించింది. నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో న్యాయమూర్తులు ఎం.ఆర్. షా, బి.వి. నాగరత్న 63వ సెక్షన్ నేరం పోలీసులు నేరుగా పట్టదగినదనీ, బెయిలు హక్కుగా రానిదనీ తేల్చారు.

అయినా దొరికినవాడు వెంటనే కటకటాల వెనక్కి పోవాలనేమీ లేదు. ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. తెలుగు పేపర్లు చదివేవారికి ఆ పాత స్మృతి కింద ‘41ఎ నోటీసు’గా పరిచయమైన, అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చే పద్ధతి అదే.

ఈ మధ్యకాలంలో పైరసీ రూపం ఎంత మారిందో ‘బాహుబలి 2’ చూపించింది. 2017 మే నెలలో హైదరాబాదు పోలీసులు ఆరుగురిని అరెస్టు చేశారు. సినిమా దొంగ ప్రతి తమ దగ్గరుందనీ, 15 లక్షలు ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో పెడతామనీ ఆర్కా మీడియాను బెదిరించారన్నది ఆరోపణ. ప్రతిలో దాగిన గుర్తును బట్టి అది బీహారులోని బెగుసరాయ్ థియేటరు నుంచి పోయిందని తేలింది. క్యాసెట్టు అద్దె వ్యాపారం కాస్తా బ్లాక్‌మెయిల్‌గా ముదిరింది.

మరుసటి ఏడు గుంటూరులో జరిగింది ఇంకో రకం. 2018 ఆగస్టులో ‘గీత గోవిందం’ విడుదలకు ముందే కొన్ని సన్నివేశాలు ఫోన్లలో తిరిగాయి. పోలీసుల చేతికి చిక్కినవారిలో విద్యార్థులున్నారు. స్నేహితుడికి గొప్పగా చూపించుకోవడం, అతను ఇంకొకరికి పంపడం, గంటల్లో అది వేల ఫోన్లకు చేరడం. డబ్బు చేతులు మారాల్సిన పనే లేదు. 1914 నాటి వ్యాపారి కోసం, 1984 నాటి వీడియో షాపు కోసం రాసిన సెక్షన్ ఇప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ ముందు నిలబడింది.

చూడటం నేరమా అన్న అనుమానానికి 2016లో ఒక స్పష్టత వచ్చింది. ఆ ఆగస్టులో, కోర్టు ఆదేశాలతో మూసేసిన వెబ్‌సైట్లు తెరిస్తే, ఇది చూసినా శిక్షార్హమేనని హెచ్చరించే సందేశం కనిపించి దేశమంతా కంగారుపడింది. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ ఆ మాటను సరిదిద్దారు. నేరం చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడంలో, బహిరంగంగా ప్రదర్శించడంలో, అమ్మడంలో, అద్దెకివ్వడంలో ఉంది.

బహిరంగ ప్రదర్శన అన్న ఆ మాట ఎంత దగ్గరి విషయమో 2025 ఫిబ్రవరిలో తెలిసింది. నాగచైతన్య ‘తండేల్’ థియేటర్లలో ఆడుతుండగానే దాని దొంగ ప్రతిని ఆర్టీసీ బస్సులో వేశారని నిర్మాత బన్నీ వాసు బయటపెట్టారు. ఏపీఎస్ ఆర్టీసీ ఛైర్మన్ కొనకళ్ళ నారాయణరావు విచారణకు ఆదేశించారు. చూసిన ప్రయాణికుడిది నేరం కాదు, వేసినవాడిది నేరం. ఊరి పందిట్లో క్యాసెట్టు వేసిన నాటి నుంచీ చట్టం చెబుతున్నది ఇదే.

శిక్షతో పాటు నిఘా కూడా పెరిగింది. తమిళనాడు 2004లోనే వీడియో పైరేట్లను గూండా చట్టం పరిధిలోకి తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో, లండన్ పోలీసుల విభాగాన్ని చూసి, మేధోసంపత్తి నేరాల కోసం ప్రత్యేక విభాగం ప్రారంభించింది. 2012 సవరణ డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని రెండేళ్ళ దాకా జైలు పడే నేరం చేసింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటర్లో దొంగతనంగా రికార్డు చేసినా, దాన్ని ప్రసారం చేసినా మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, మూడు లక్షల నుంచి ఆ సినిమా మొత్తం నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టారు. నూరు కోట్ల సినిమా అయితే ఐదు కోట్లు. కాపీకి ఇరవై రూపాయల దగ్గర మొదలైన లెక్క అక్కడికి చేరింది.

ఆ తర్వాతే అసలు మలుపు. 2025 సెప్టెంబరు చివర్లో హైదరాబాదు పోలీసులు ఒక పైరసీ ముఠాను పట్టుకున్నట్టు ప్రకటించారు. 2024లో తెలుగు సినిమాకు 3,700 కోట్ల నష్టం జరిగిందన్న అంచనా అప్పుడే వినిపించింది. నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ వెబ్‌సైటు నిర్వాహకుడని చెబుతున్న వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. హార్డు డిస్కుల్లో 21 వేలకు పైగా సినిమాలున్నాయనీ, బ్యాంకు ఖాతాల్లో సుమారు 3 కోట్ల రూపాయలు స్తంభింపజేశామనీ, ఆదాయంలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలకు పెద్ద పాత్ర ఉందనీ పోలీసులు చెప్పారు. కమిషనరు వి.సి. సజ్జనార్ ఏర్పాటు చేసిన సమావేశానికి చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు వచ్చారు. ఆరోపణలు రుజువు కావలసింది కోర్టులోనే.

కానీ ఈ కేసు చూపించిన దారి విలువైనది. ఉచిత సినిమా ఎర, బెట్టింగ్ యాప్ అసలు వల. కూలి డబ్బులు, ఫీజు డబ్బులు పోగొట్టుకున్న కుటుంబాలు సినిమా పరిశ్రమ నష్టం లెక్కలోకి రావు. మూడేళ్ళ జైలు, 2 లక్షల జరిమానా అన్న 63వ సెక్షన్ ఒక విద్యార్థికి జీవితాన్నే తారుమారు చేసే బరువు. కోట్లలో ప్రకటనల ఆదాయం సంపాదించేవాడికి అది వ్యాపార ఖర్చు. 1984 నుంచి ఆ 2 లక్షల గరిష్ఠ పరిమితి మారలేదు. నిర్మాణ వ్యయంతో ముడిపెట్టిన జరిమానా సినిమాలకు మాత్రమే వచ్చింది. పీడీఎఫ్‌గా స్కాన్ అయి తిరిగే నవల రాసిన రచయితకూ, పాట పోగొట్టుకున్న చిన్న గాయకుడికీ ఇంకా ఆ పాత సెక్షనే దిక్కు. అగ్రతారల సినిమా లీకైతే ప్రత్యేక బృందాలు కదులుతాయి, ఒంగోలులో పుస్తకం అచ్చువేసుకున్న రచయిత ఫిర్యాదు చేస్తే అదే వేగం కనబడాలి కదా.

జైలు సంవత్సరాలు ఇంకా పెంచడం కాదు ఇప్పుడు కావలసింది. ప్రకటనల డబ్బు ఏ ఖాతాలో పడుతోందో దాన్ని పట్టుకోవాలి. డబ్బు ముట్టని విద్యార్థి విషయంలో చట్టంలో ఉన్న వెసులుబాటును కోర్టులు మనసుపెట్టి వాడాలి. ఫిర్యాదు చేయడానికి చిన్న నిర్మాతకూ రచయితకూ జిల్లా కేంద్రంలోనే దారి ఉండాలి. సింగరాయకొండలోనైనా గుంటూరులోనైనా కాలేజీలో చదివే పిల్లలకు పెద్దలు ఒక్క మాట తప్పక చెప్పాలి: వాట్సాప్ గ్రూపులోనో టెలిగ్రామ్‌లోనో దొంగ సినిమా పంపితే, పైసా రాకపోయినా, 63వ సెక్షన్ కింద కేసు కట్టవచ్చు.