అచ్చుకూటం నుంచి మామిడి గదికి

పాన్‌గల్, కొల్లాపురం వైపు మామిడి కోతకు వచ్చేది ఎండలు మండే రోజుల్లోనే. కోసిన కాయ నిలువ ఉండదు. అప్పుడు ధర చెప్పేది మనం కాదు, కొనేవాడు.

ఏర్‌కండిషనర్ పుట్టింది మనిషి సుఖానికి కాదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో తేమకు కాగితం సాగి రంగులు కుదరకపోతే, కారియర్ అనే ఇంజనీరు దీనిని కల్పించాడు. వందేళ్లు దాటాక, ఆ న్యూయార్కు రాష్ట్రంలోనే రాన్ ఖోస్లా అనే కూరగాయల రైతు దీనిని పంట గదికి మళ్లించాడు. యంత్రం సామాన్యంగా 16 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది గదా! ఆయన కూల్‌బాట్ అనే పరికరంతో, వేడిని కనిపెట్టే దాని మొనకు కాస్త సెగ తగిలించాడు. గది ఇంకా వేడిగానే ఉన్నదనుకొని యంత్రం తిరుగుతూనే ఉంటుంది. లోపలి రెక్కలకు మంచు పట్టబోతే సెగ ఆగి, మంచు కరుగుతుంది. రైతు బుద్ధి అంటే అదీ!

మన మామిడికి 13 డిగ్రీలు చాలు. 10కి దిగితే తోలు నల్లబడి, కాయ సరిగా పండదు. కనుక యంత్రానికన్నా ముందు గోడలు చూడవలె. ఒట్టి రేకుల గదిలో ఎంత పెద్ద యంత్రం పెట్టినా చిల్లుకుండలో నీళ్లే. గోడలకూ, కప్పుకూ, తలుపుకూ మందపాటి థర్మాకోల్ పలకలు పట్టించి సందులు మూయండి. పరికరానికి సరిపడే యంత్రమేనా అని అడిగి కొనండి. బయటి పెట్టె నీడన, గాలి ఆడే చోట ఉండాలి. కాయ తెల్లవారుజామున లోపలికి చేర్చండి.