పండగ బస్తాలు: మా ఇంటి పద్దు పుస్తకంలో ఒక పేజీ

మా ఇంట్లో దీపావళి బట్టలు ఆషాఢంలోనే ఎందుకు కొంటారని పిల్లలు ఏటా అడుగుతారు. ఆఫర్ల కోసం అని చెప్పి ఊరుకుంటాం. అసలు సంగతి వేరే. అది చెప్పాలంటే కాలువ నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

1953లో తుంగభద్ర డ్యామ్ నుంచి నీళ్లొచ్చాయి. ఆ ఏడాదే అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా రెండుగా చీలి, ఆదోని ఆంధ్రలోకి, మన సిరుగుప్ప మైసూరులోకి వెళ్లాయి. తాతయ్య కృష్ణా జిల్లాలో ఉన్న కొద్దిపాటి భూమి అమ్ముకుని తెక్కలకోట వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకి. నీళ్లొచ్చిన నేలని వెతుక్కుంటూ అప్పట్లో కోస్తా నుంచి ఎందరో ఇలా వచ్చి క్యాంపులు వేసుకున్నారు.

వరి చేయడం మనవాళ్లకి తెలుసు. పండగ లెక్కే తప్పింది. అక్కడ మనకి పెద్ద పండగ సంక్రాంతి. కుప్ప నూర్చి, ధాన్యం అమ్మి, చేతిలో డబ్బుండగా అల్లుణ్ణి పిలుస్తాం. ఈ వైపు కొత్త అల్లుడి పండగ దీపావళి. ఇక్కడ కాలువకి నీళ్లొదిలేది జులైలో, కోతలు నవంబరు చివర. దీపావళి నాటికి చేను పొట్ట మీదో, గింజ పాలు పోసుకుంటూనో ఉంటుంది. ఎరువుల అప్పు నెత్తి మీద ఉంటుంది. ఇంట్లో పైసా ఉండదు.

1971 వేసవిలో పెద్దత్తకి పెళ్లి చేశారు. బళ్లారి సంబంధం. ఆ అక్టోబరులో తొలి దీపావళి. పట్టుచీర, పంచెల చాపు, అల్లుడికి హెచ్ఎంటీ వాచీ, వియ్యపురాలికి చీర. తాతయ్య ఒక కమీషన్ కొట్లో 300 రూపాయలు తెచ్చారు. నూటికి రెండు వడ్డీ. మూడు నెలలకి 18 రూపాయలు, అంతే కదా అనుకున్నారట. కానీ ధాన్యం ఆ కొట్టుకే వేయాలన్నది షరతు. జనవరిలో 60 బస్తాలు వేస్తే బస్తాకి మూడు రూపాయలు తక్కువ కట్టారు. అంటే 180. నాయనమ్మ పద్దు పుస్తకంలో 18 కింద 180 వేసి, పక్కన "వాచీ" అని మాత్రం రాసింది. ఆవిడ కోపం అంతకంటే పెద్ద అక్షరాల్లో మేమెప్పుడూ చూడలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1951–52 నాటి అఖిల భారత గ్రామీణ రుణ సర్వేలో రైతు అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారుల దగ్గరివే. సహకార సంఘాలవి మూడు శాతం. తాతయ్యని తప్పుపట్టే ముందు ఈ లెక్క చూడాలి. ఇంకెక్కడికి వెళ్తారు ఆయన?

మరుసటి ఏడు నాయనమ్మ ఆరు బస్తాలు అమ్మనివ్వలేదు. వసారాలో చెక్కల మీద పేర్పించి "పండగ బస్తాలు" అంది. కొత్త ధాన్యం కళ్లాల్లో ఉన్నప్పుడు ధర పడిపోతుంది, ఆషాఢానికి పెరుగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి బట్టల ధర దిగుతుంది. ధాన్యం ఎక్కువకి అమ్మి, బట్టలు తక్కువకి కొనడం. తర్వాత బస్సెక్కి రాష్ట్రం దాటి, పత్తికీ బట్టలకీ పేరుపడ్డ ఆదోనికి పోవడం. చొక్కాలకి ఒకే తాను, లంగాలకి ఒకే తాను. దర్జీ కూడా ఖాళీగా ఉండేవాడు, చెప్పిన రోజుకి ఇచ్చేవాడు. మా నాన్న, బాబాయిలు బ్యాండు మేళం వాళ్లలా ఒకే రంగులో ఉన్న ఫోటో మీరంతా చూసిందే.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్లో 1909లో ఒక బ్యాంకు క్రిస్మస్ ఖర్చుకని వారం వారం కొంచెం దాచుకునే పద్ధతి పెట్టింది. మన చీటీ పాట లాంటిదే, పాట లేదంతే. నాయనమ్మకి బ్యాంకు బదులు బస్తా.

అన్ని ఏళ్లూ కలిసిరాలేదు. ఒక ఏడు ఎలుకలు బస్తాన్నర తినేశాయి. మరో ఏడు ధర పెరగనే లేదు. ఇంకోసారి ఆషాఢంలోనే చిన్నమ్మమ్మకి నేత చీర కొని పెట్టెలో పెడితే, ఆవిడ భాద్రపదంలో పోయింది. ఆ చీర ఎవరికీ పెట్టలేదు. ముందుగా కొనడం మానేద్దామని నాన్న అన్నాడట. నాయనమ్మ ఒప్పుకోలేదు. "పోయినావిడకి చీర మిగిలింది, అప్పు మిగల్లేదు" అంది. మాటలో కాస్త కరుకుంది, నిజమే.

ఊరి గుట్టల మీద 1963–64లో తవ్వితే రాతియుగం వాళ్ల ఇళ్లతో పాటు బంగారు చెవి ఆభరణాలూ దొరికాయి. వాళ్లలో ఎవరు ఎవరికి పెట్టుకున్నారో!

2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. నాట్లు పడ్డాయి, నీళ్లన్నీ నదిలోకి పోతున్నాయి. కన్నయ్యనాయుడు గారి బృందం వారం రోజుల్లో అడ్డుపలకలు దించేదాకా క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ వారంలోనే దీపావళికి డబ్బు కావాలా అని అడుగుతూ ఒకరు మా ఇంటికొచ్చారు. అమ్మ బీరువా తలుపు తీసి చూపించింది. బట్టలన్నీ ఆషాఢంలోనే వచ్చేశాయి. చిన్నవాడి చొక్కా ఒక్కటే పండగ నాటికి పొట్టైపోయింది.