చద్దిమూట నుంచి లైన్‌బాక్సు దాకా: సికింద్రాబాద్ రైల్వే శ్రామికుల ఉదయాహారం

తెలుగువారి ఆహారచరిత్ర ఎక్కువగా వంటింటిని, విందును, హోటలును ఆధారం చేసుకొని సాగింది. పనిచోటనే పొద్దుటి ఆకలి తీర్చుకోవలసిన శ్రామికుని ఆహారం అందులో పక్కకు ఒదిగిపోయింది. ఆ ఆహారాన్ని నిర్ణయించినది రుచి మాత్రమే కాదు, దానికి దొరికిన చోటు కూడా. సికింద్రాబాద్ రైల్వే జీవనం ఇందుకు బలమైన నిదర్శనం.

పనిచోటికి అన్నం వెంట తీసుకుపోవడం తెలుగు సాహిత్యానికి కొత్త విషయం కాదు. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలురు చల్దులు కట్టుకొని దూడలను తోలుకుపోతారు. కృష్ణుడు పెరుగన్నపు ముద్దను ఎడమచేత పట్టి, ఊరగాయలను వేళ్ల సందున ఇరికించుకుంటాడు. భక్తిపరమైన వ్యాఖ్యానాన్ని కాసేపు పక్కన ఉంచితే, అది పాత్ర లేనిచోట చేతినే పాత్రగా చేసుకున్న పనివారి భోజనం. పోతన ఊరిగా ప్రసిద్ధమైన బమ్మెర నేటి జనగామ జిల్లాలో ఉంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు పోయే రైలుమార్గం ఆ జనగామ మీదుగానే సాగుతుంది.

1806లో దండు పట్టణంగా రూపుదిద్దుకున్న సికింద్రాబాద్‌కు 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1889 నాటికి మార్గం బెజవాడను అందుకొంది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు ఏర్పడింది. పొలానికి పోయేవాడు పొద్దును చూసి బయలుదేరేవాడు. వర్క్‌షాపు శ్రామికుడు గడియారానికి లోబడ్డాడు. చద్ది తిని పోవడానికి వ్యవధి లేనివాడు దానిని వెంట పట్టుకుపోయాడు.

ఇక్కడ భాష ఒక ఆసక్తికరమైన సాక్ష్యం ఇస్తుంది. 1886 నాటి హాబ్సన్–జాబ్సన్ నిఘంటువులో 'టిఫిన్' అంటే మధ్యాహ్నపు భోజనం. తెలుగులో అది ఉదయపు పలహారమైంది. తెలంగాణ వాడుకలో డబ్బాలో పెట్టిన అన్నానికీ అదే పేరు వచ్చింది. అయితే క్రియ మాత్రం మారలేదు: 'సద్ది కట్టు' స్థానంలో 'టిఫిన్ కట్టు' నిలిచింది. మూట పోయి స్టీలు డబ్బా వచ్చినా, కట్టవలసిన ముడి ఏదీ లేకపోయినా, కట్టడం మిగిలింది.

వర్క్‌షాపు శ్రామికునికి కనీసం డబ్బా పెట్టుకునే స్థిరమైన చోటుండేది. బండితో పాటు కదిలే గార్డుకు, డ్రైవరుకు ఉన్నది లైన్‌బాక్సు అనే ఇనుప పెట్టె. గార్డు పెట్టెలో మొదటి హక్కు ఆహారానిది కాదు: ఎర్ర, పచ్చ జెండాలు, చేతిదీపం, పట్టాల మీద పేల్చే డిటొనేటర్లు, ప్రథమచికిత్స సామగ్రి, నిబంధనల పుస్తకాలు. అవి పోగా మిగిలిన మూలలో బియ్యం, పప్పు, చింతపండు, చిన్న గిన్నె సర్దుకోవాలి. గమ్యస్థానపు రన్నింగ్ రూములో వంటవాడు ఆ సరుకును వండి పెట్టేవాడు. అక్కడికి చేరేవరకు మాత్రం ఎవరి పొద్దుటి ఆకలి వారిదే. గూడ్సుబండిని లూప్‌లైనులో ఎంతసేపు నిలుపుతారో ముందుగా తెలియదు. గార్డు పెట్టెలో నిప్పు లేదు, చల్లదనం అంతకన్నా లేదు. ఆవిరి ఇంజను సిబ్బంది ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులు: బాయిలరు వేడినీరు టీకి, కొలిమి సెగ డబ్బాకు అక్కరకు వచ్చేవి. డీజిలు వచ్చాక ఆ సౌకర్యమూ పోయింది.

ఈ పరిమితికి సమాధానం ఇంటి వంటలోనే ఉంది. చింతపండు పులుపు, నూనె, ఉప్పు కలిసి పులిహోరను కాపాడతాయి. తడి తక్కువైన జొన్నరొట్టె, నూనెలో కాల్చిన సర్వపిండి మరునాటికీ పనికివస్తాయి. అటుకులకు పొయ్యి అవసరమే లేదు. మజ్జిగలో తడిపి ఉప్పు, పచ్చిమిరప చేర్చితే నిమిషాల్లో ఉదయాహారం సిద్ధం. పెరుగన్నం సంగతి మరింత సూక్ష్మం. ముందే పెరుగు కలిపితే ఎండకు పులిసిపోతుంది. గోరువెచ్చని అన్నంలో పాలు నిండుగా పోసి, పెరుగు చెంచాడే వేస్తే, తినే వేళకు అది తోడుకొని ఉంటుంది. నిల్వకు శత్రువైన కాలాన్నే వంటలో భాగం చేసిన ఈ నేర్పు ఎక్కువగా ఇంటి స్త్రీలది. డ్యూటీ వేళలను లెక్కించి పాలూ పెరుగూ పాళ్లు నిర్ణయించినవారు వారే. ఇరానీ హోటలు చాయ్, ఉస్మానియా బిస్కట్ నగరచరిత్రలో సంపాదించిన కీర్తిలో కొంత భాగమైనా ఈ లెక్కకు దక్కవలసింది.

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రస్థానమైంది. మార్గాలకు, ఇంజన్లకు, వంతెనలకు రైల్వే చరిత్రలో దక్కిన చోటు పెట్టెలోని అన్నానికి దక్కలేదు. ఇటీవలి సంవత్సరాలలో లైన్‌బాక్సు స్థానంలో చక్రాల సంచిని ప్రవేశపెట్టడానికి రైల్వే బోర్డు పూనుకోగా గార్డుల సంఘాలు అభ్యంతరం తెలిపాయి. చర్చ ప్రధానంగా బరువు గురించి, భద్రతాసామగ్రిని ఎవరు మోయాలన్న దాని గురించి సాగింది. జెండాలు, దీపం, పుస్తకాలు సంచిలోకి మారుతున్నాయి. వాటి పక్కనే ఇంతకాలం ఒదిగి ఉన్న బియ్యం మూట, అటుకుల డబ్బా ఎక్కడికి మారాలన్నది మిగిలిన ప్రశ్న.